రెండో పరీక్ష ఎవరి కోసం?

నెత్తురు అనే మాట లేకుండా మన అభ్యుదయ కవిత్వం లేదు. చిందిన నెత్తురు గురించి, మరిగిన నెత్తురు గురించి చాలా రాశాం, సభల్లో చదివి చప్పట్లు కొట్టించుకున్నాం. సీసాలోకి ఎక్కి, మీద చీటీ అంటించుకుని, చల్లటి బీరువాలో ఒక నెంబరుగా కూర్చున్న నెత్తురు గురించి మాత్రం మనం రాసింది తక్కువ. ఈ వ్యాసం ఆ నెత్తురు చరిత్రలో ఒక భాగం. రక్తం ఇచ్చిన మనిషిని వైరస్‌ల కోసం పరీక్షించటం ఎలా మొదలైంది, ఎక్కడ ఆలస్యమైంది, ఆ పరీక్ష వల్ల ఎవరికి రక్షణ దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది ఇందులో విషయం.

ఇది వైద్యుల పని కదా, సాహిత్య విద్యార్థులకు దేనికి అని అడిగేవాళ్ళు వుంటారు. గాజుగొట్టంలో రంగు మారటం వరకూ ఇది వైద్యుల పనే. ఎవర్ని పరీక్షించాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఫలితం ఎవరికి చెప్పాలి అన్న ప్రశ్నలకు జవాబు గాజుగొట్టంలో దొరకదు. అది సమాజంలో వుంటుంది. సమాజంలో వున్నదాని గురించి మాట్లాడే హక్కు రచయితకు ఎవరూ ఇవ్వనక్కర్లేదు.

1

ముందు నా సంగతి చెప్పాలి. 1983లో మా అక్కకు కాన్పు కష్టమైతే జిల్లా కేంద్రంలో ఒక ఆస్పత్రిలో చేర్పించాం. రెండు సీసాల రక్తం కావాలన్నారు. బావగారి రక్తం కలవలేదు. నాది చూడమని నేను అడగలేదు. అప్పుడు బి.ఏ. చదువుతున్నాను. రక్తమిస్తే పిల్లాడు నీరసపడిపోతాడని మా అమ్మ భయం. ఆమె భయం చాటున నా భయం దాక్కుంది.

ఆస్పత్రి గేటు పక్కన టీ బడ్డీ దగ్గర ఒక మధ్యవర్తి వుంటాడని వార్డుబాయి చెప్పాడు. ఆ మధ్యవర్తి కేకేస్తే బక్కపల్చటి మనిషి ఒకడు వచ్చాడు. మోచేతి మడతలో సూదిమచ్చలు వరసగా వున్నాయి. "మొన్న వారమే ఇచ్చాను బాబూ. అయినా పర్లేదు, ఇస్తాను" అన్నాడు. నేను బేరమాడాను. సీసాకు పది రూపాయలు తగ్గించాను. ఆ రెండో సీసా ఇంకొకడు ఇచ్చాడు. అతని ముఖం కూడా నాకు గుర్తులేదు. లోపల వేలు గుచ్చి గ్రూపు చూశారు. ఇంకేమైనా చూశారా అని నేను అడగలేదు. అక్క బతికింది, మేం మిఠాయి పంచాం.

ఆనాటికి హెచ్.ఐ.వి.కి ప్రపంచంలో ఎక్కడా పరీక్ష లేదు. హెపటైటిస్ సి వైరస్‌కు ఇంకా పేరు కూడా పెట్టలేదు. హెపటైటిస్ బి పరీక్ష మాత్రం వుంది. అమెరికాలో దాతల రక్తానికి ఆ పరీక్ష 1972 నుంచీ తప్పనిసరి. ఆ పరీక్ష మా జిల్లా దాకా రావటానికి ఎన్నేళ్ళు పట్టిందన్నది విజ్ఞానం నడక లెక్క కాదు, డబ్బు నడక లెక్క.

2

"బ్లడ్ బ్యాంకు" అన్న పేరు 1937లో పుట్టింది. చికాగోలో పేదలు వెళ్ళే కుక్ కౌంటీ ఆస్పత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ అనే వైద్యుడు రక్తాన్ని నిలవచేసే ఏర్పాటుకు ఆ పేరు పెట్టాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే స్పెయిన్ అంతర్యుద్ధంలో నార్మన్ బెతూన్ రక్తాన్ని బండిలో పెట్టుకుని యుద్ధరంగానికి తీసుకుపోతున్నాడు. తెలుగు అభ్యుదయ పాఠకులకు బెతూన్ కొత్తవాడు కాడు. బెతూన్ బండిలోని రక్తం మాడ్రిడ్ జనం తమ సైనికుల కోసం ఇచ్చింది. బ్యాంకు అన్న మాటలో మాత్రం జమ వుంది, అప్పు వుంది, నిలవ వుంది. ఆ మాట వెంట అమ్మేవాడూ కొనేవాడూ రావటానికి ఎంతోకాలం పట్టలేదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో రక్తం సరుకైంది. పట్టణాల్లో మురికివాడల పక్కన, సారాకొట్ల వీధుల్లో రక్తం కొనే దుకాణాలు వెలిశాయి. ఆకలితో వున్నవాడు తన జబ్బు దాచిపెడతాడు, ఎందుకంటే జబ్బు చెబితే ఆరోజు కూడు లేదు. ఈ మాటను గణాంకాలతో నిరూపించిన పుస్తకం 1970లో వచ్చింది. బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ టిట్మస్ రాసిన 'ది గిఫ్ట్ రిలేషన్‌షిప్' అది. బ్రిటన్‌లో డబ్బు తీసుకోకుండా ఇచ్చే రక్తాన్నీ, అమెరికాలో కొనే రక్తాన్నీ పక్కపక్కన పెట్టి, సంత రక్తంలోనే జబ్బు ఎక్కువని ఆయన చూపించాడు.

అదే సమయానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో హార్వే ఆల్టర్ బృందం గుండె ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళను గమనిస్తోంది. అంతవరకూ ఆ రోగుల్లో దాదాపు మూడోవంతు మందికి రక్తం ఎక్కించాక హెపటైటిస్ వచ్చేది. 1970లో వాళ్ళు రెండు పనులు చేశారు. అమ్మేవాళ్ళ దగ్గర రక్తం కొనటం మానేశారు, హెపటైటిస్ బి పరీక్ష మొదలుపెట్టారు. జబ్బు పదిమందిలో ఒకరి స్థాయికి పడిపోయింది. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం సంత రక్తాన్ని మానెయ్యటం వల్ల వచ్చిందే. అంటే మొట్టమొదటి వడపోత యంత్రం చెయ్యలేదు, మనిషికీ మనిషికీ మధ్య సంబంధం మారటం చేసింది. రక్తానికీ సమాజానికీ వున్న ముడికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు కనిపించలేదు.

ఆ హెపటైటిస్ బి పరీక్ష పుట్టుకలోనూ ఒక కథ వుంది. బరూక్ బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త వెతుకుతున్నది వైరస్ కోసం కాదు, జాతుల మధ్య రక్తంలో తేడాల కోసం. ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫిలియా రోగి సీరం, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి సీరంతో కలిసి గీత గీసింది. 1965లో దాన్ని "ఆస్ట్రేలియా యాంటిజెన్" అని ప్రకటించారు. తర్వాత అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని తేలింది. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ బహుమానం వచ్చింది. ప్రపంచంలో కోట్లమందిని కాపాడిన ఆ పరీక్షకు తమ నెత్తురిచ్చిన ఆ ఇద్దరి పేర్లూ ఎవరి నోటా వినపడవు. రక్తం చరిత్రలో పేర్లు పోవటం అప్పటినుంచే వుంది.

3

పరీక్ష ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

మొదటిదాన్ని వడపోత పరీక్ష అందాం. 1971లో స్వీడన్‌లోనూ నెదర్లాండ్స్‌లోనూ విడివిడిగా రూపొందిన ఎలైజా పద్ధతి దీనికి ఆధారం. ప్లాస్టిక్ పలకలో 96 చిన్న గుంటలుంటాయి. గుంట అడుగున వైరస్ ముక్కలు అంటించి వుంటాయి. దాత సీరం పోస్తారు. ఆ వైరస్‌తో ఆ శరీరం ఇంతకుముందు పోరాడి వుంటే, ఆ పోరాటంలో తయారైన యాంటీబాడీలు వచ్చి ఆ ముక్కలకు అతుక్కుంటాయి. కడిగినా పోవు. తర్వాత పోసే మందుతో అక్కడ రంగు వస్తుంది. యంత్రం ఆ రంగు ముదురును అంకెగా చెబుతుంది. ఫలానా అంకె దాటితే "రియాక్టివ్" అని రాస్తారు. ఆ గీత ఎక్కడ గియ్యాలన్నది మనిషి నిర్ణయం. రక్తం ఎక్కించుకునేవాడి ప్రాణం ముఖ్యం గనుక, ఒక్క చెడు సీసా కూడా తప్పించుకోకుండా గీతను బాగా కిందికి గీస్తారు. అప్పుడు కొన్ని మంచి సీసాలు కూడా గీత దాటుతాయి.

లెక్క కోసం పదివేల మంది దాతలను అనుకుందాం. వాళ్ళలో నిజంగా వైరస్ వున్నవాళ్ళు 20 మంది. పరీక్ష ఆ 20 మందినీ పట్టుకుంటుంది. ఆరోగ్యంగా వున్న 9,980 మందిలో వెయ్యికి ఐదుగుర్ని మాత్రమే పొరపాటున పట్టుకుంటుంది. ఇది మంచి పరీక్షే. అయినా ఆ పొరపాట్లు దాదాపు 50. అంటే రంగు వచ్చిన 70 మందిలో 50 మందికి ఏ జబ్బూ లేదు. యంత్రం తప్పు చెయ్యలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు. జబ్బు అరుదుగా వున్న గుంపును పరీక్షిస్తే లెక్క అలాగే తేలుతుంది.

అందుకే రెండో పరీక్ష కావాలి. దాన్ని నిర్ధారణ పరీక్ష అంటారు. హెచ్.ఐ.వి. విషయంలో చాలాకాలం దీనికి ప్రమాణం వెస్టర్న్ బ్లాట్. వైరస్ ప్రొటీన్లను బరువు ప్రకారం విడదీసి ఒక పట్టీ మీద పరుస్తారు. సీరంలోని యాంటీబాడీలు ఏ ప్రొటీన్ దగ్గర గీత చూపాయో ఒక్కొక్కటే చదువుతారు. మొదటి పరీక్ష "ఎవరో తలుపు తట్టారు" అంటుంది. రెండోది తలుపు తీసి ముఖం చూస్తుంది.

మూడో సంగతి కూడా చెప్పాలి. వైరస్ ఒంట్లోకి వచ్చిన మర్నాడే పరీక్షలో కనపడదు. యాంటీబాడీలు వెతికే పరీక్షకు హెచ్.ఐ.వి. సుమారు మూడు వారాలు దొరకదు. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యూక్లిక్ ఆమ్ల పరీక్షకు ఆ గడువు సుమారు 11 రోజులకు తగ్గింది గానీ సున్నా కాలేదు. కనుక ఏ పరీక్షా దాత నిజాయితీ అవసరాన్ని తీసెయ్యలేదు. ఆకలి మనిషి చేత అబద్ధం ఆడించే వ్యవస్థలో ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ఆ పదకొండు రోజుల కిటికీ తెరిచే వుంటుంది.

ఇప్పుడు ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట చెప్పగలను. మొదటి పరీక్ష సీసాను అడుగుతుంది: ఈ రక్తం ఎక్కించవచ్చునా? రెండో పరీక్ష మనిషిని గురించి అడుగుతుంది: ఇతనికి జబ్బు వుందా? అనుమానం వుంటే సీసాను పారబొయ్యవచ్చు, పారబోసి తీరాలి. అనుమానం మీద మనిషిని పారబొయ్యకూడదు. రక్త పరీక్షల చరిత్రలో జరిగిన అన్యాయాలన్నీ ఈ రెండు ప్రశ్నలనూ కలగాపులగం చెయ్యటం వల్లనో, ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని ఎగ్గొట్టటం వల్లనో జరిగాయి.

4

ఎయిడ్స్‌ను గురించి మొదటి నివేదిక 1981 జూన్‌లో అమెరికాలో వచ్చింది. 1982లో హీమోఫిలియా రోగుల్లో, ఆ ఏడాది చివర రక్తం ఎక్కించిన ఒక శిశువులో ఆ జబ్బు కనపడింది. రక్తం ద్వారా వస్తోందని అర్థం కావటానికి అది చాలు. అయినా అమెరికా బ్లడ్ బ్యాంకుల పెద్దలు చాలామంది సాక్ష్యం చాలదన్నారు. వైరస్ 1983లో పారిస్‌లో బయటపడింది. 1985 మార్చి 2న అమెరికాలో మొదటి వడపోత పరీక్షకు అనుమతి దొరికింది. నిర్ధారణ కోసం వెస్టర్న్ బ్లాట్ కిట్‌కు అనుమతి దొరికింది 1987లో. ఆలోపు ప్రయోగశాలలు ఎవరికి వాళ్ళు తయారుచేసుకున్న పట్టీలతో గడిపాయి. సీసాకు భద్రత దొరికిన రెండేళ్ళకు గానీ మనిషికి అనుమతి పొందిన పరీక్ష దొరకలేదు.

ఫ్రాన్స్ కథ ఇంకా చేదు. వైరస్‌ను కనుక్కున్నది ఫ్రెంచివాళ్ళే. అమెరికా కంపెనీ అబట్ తన పరీక్షకు అనుమతి కోరుతూ 1985 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లో దరఖాస్తు పెట్టింది. స్వదేశీ పాశ్చర్ కంపెనీ పరీక్ష ఇంకా సిద్ధం కాలేదు. అమెరికా సరుకు ముందొస్తే తమ సంత పోతుందని ప్రభుత్వం ఆ దరఖాస్తును ఆపిపెట్టింది. పాశ్చర్‌కు జూన్‌లో, అబట్‌కు జూలైలో అనుమతులిచ్చి, ఆగస్టు 1 నుంచి పరీక్ష తప్పనిసరి చేశారు. జాతీయ రక్త సంస్థ తన దగ్గరున్న హీమోఫిలియా మందుల నిల్వలు కలుషితమయ్యాయని తెలిసీ వాటిని కొంతకాలం పంచింది. 1992లో ఆ సంస్థ అధిపతి మిషెల్ గారెత్తాకు జైలుశిక్ష పడింది. 1999లో మాజీ ప్రధాని లారెంట్ ఫాబియస్‌నూ ఇద్దరు మాజీ మంత్రులనూ విచారించారు. ఫాబియస్ నిర్దోషి అన్నారు. ఎడ్మండ్ ఎర్వే దోషి అన్నారు గానీ శిక్ష వెయ్యలేదు. స్వదేశీ అన్న మాట కూడా కొన్నిసార్లు ఎవరి లాభానికి ముసుగుగా పనికొస్తుందో చూడండి.

బ్రిటన్‌లో మరో రకం. 1989లో హెపటైటిస్ సి వైరస్‌ను కనుక్కున్నారు. 1990లో అమెరికా, ఫ్రాన్స్ దాతలకు పరీక్ష మొదలుపెట్టాయి. బ్రిటన్ 1991 సెప్టెంబర్ 1 దాకా ఆగింది. చెప్పిన కారణాల్లో ఒకటి వినటానికి ఎంతో న్యాయంగా వుంటుంది: మొదటి పరీక్ష చాలామంది ఆరోగ్యవంతులను పొరపాటున పట్టుకుంటోంది, సరైన నిర్ధారణ పరీక్ష లేదు, దాతలను అనవసరంగా భయపెట్టటం దేనికి? ఇక్కడ దాత మీద దయ పేరుతో రోగి ప్రాణాన్ని ఎగ్గొట్టారు. అనుమానపు సీసాలను పారబోసుకుంటూ నిర్ధారణ కోసం వెతకవచ్చు. రెండో పరీక్ష లేదని మొదటిదాన్ని ఆపటం మంచితనం కాదు. 2001లో లండన్ హైకోర్టు ఆ రక్తంతో జబ్బు తెచ్చుకున్నవాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. 2024 మే 20న బ్రయాన్ లాంగ్‌స్టాఫ్ విచారణ సంఘం నివేదిక వచ్చింది. రక్తం వల్లా రక్తంతో చేసిన మందుల వల్లా 30 వేలకు పైగా మనుషులకు జబ్బు సోకిందనీ, దాదాపు 3 వేల మంది చనిపోయారనీ అందులో వుంది.

టిట్మస్ పొగిడిన దేశంలోనే ఇది జరిగిందన్నది గమనించాలి. బ్రిటన్ తన ప్రజల దగ్గర రక్తం కొనలేదు నిజమే. హీమోఫిలియా మందును మాత్రం అమెరికా నుంచి కొన్నది. ఆ మందు డబ్బుకు ప్లాస్మా అమ్మినవాళ్ళది, జైలు ఖైదీలది కలిపి పెద్ద తొట్టెల్లో తయారైంది. దానం ఒక దేశం సరిహద్దులో ఆగిపోయి, సరుకు సరిహద్దులు దాటి వస్తే, చివరికి గెలిచేది సరుకే.

5

మన దేశానికి వద్దాం. 1986 ఫిబ్రవరిలో మద్రాసు మెడికల్ కాలేజీలో సునీతి సాలమన్ మార్గదర్శకత్వంలో చదువుతున్న సెల్లప్పన్ నిర్మల, సెక్స్ వర్కర్ల దగ్గర తీసుకున్న సీరం నమూనాలతో రాత్రి రైలెక్కి వేలూరు వెళ్ళింది. నిలవచెయ్యటానికి సరైన చోటు లేక అంతవరకూ ఆమె వాటిని ఇంట్లో ఫ్రిజ్‌లో దాచింది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో జాకబ్ జాన్ ప్రయోగశాలలో ఎలైజా చేస్తే ఆరింటిలో రంగు వచ్చింది. ఆ నమూనాలను అమెరికా పంపి వెస్టర్న్ బ్లాట్ చేయించాక భారతదేశంలో హెచ్.ఐ.వి. వున్నదని ఖాయమైంది. దేశానికి సంబంధించిన మాట గనుక రెండో పరీక్ష కోసం సముద్రాలు దాటి వెళ్ళారు. ఒక మనిషికి సంబంధించిన మాట అయితే ఎంత దూరం వెళ్ళారో గోవా చెబుతుంది.

1989 ఫిబ్రవరి 14న గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుణ్ణి పోలీసులు పిలిచి తీసుకుపోయారు. ఆయన చేసిన నేరం క్రమం తప్పకుండా రక్తం ఇవ్వటం. ఆయన ఇచ్చిన రక్తంలో హెచ్.ఐ.వి. వున్నట్టు తేలింది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆస్పత్రిలో రిజిస్టరులో తన పేరు పక్కన ఎయిడ్స్ అన్న మాట చూసి తెలుసుకున్నాడు. గోవా ప్రజారోగ్య చట్టం కింద ఆయన్ని వాడుకలో లేని క్షయ శానిటోరియంలో 64 రోజులు పోలీసు కాపలాలో బంధించారు. కన్నతల్లి లూసీ డిసౌజా హైకోర్టుకెక్కింది. ఆయన బయటికొచ్చి, తనలాంటివాళ్ళ కోసం పనిచేసి, 1992 మేలో చనిపోయాడు. ఆయనకు జబ్బు వున్నమాట నిజం. వుంటే మాత్రం? సీసాను అడగాల్సిన ప్రశ్నకు వచ్చిన జవాబుతో మనిషిని జైల్లో పెట్టారు.

ఆ ఏడాదే మన దేశంలో దాతల రక్తానికి హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి చేశారు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వ విధానం మరో చివరకు పోయింది. బ్లడ్ బ్యాంకులో పరీక్ష పేరు లేకుండా చెయ్యాలి, రియాక్టివ్ వస్తే సీసా పారబొయ్యాలి, దాతకు చెప్పనక్కర్లేదు. నిర్ధారణ చెయ్యని ఫలితం చెప్పటం తప్పు అన్నది దాని తర్కం. తర్కం సరైనదే. అయితే నిర్ధారణ చేసి చెప్పటం అన్న మూడో దారి ఒకటి వుంది. దానికి డబ్బు కావాలి, ఓపిక కావాలి, మనిషంటే లెక్క వుండాలి.

ఈ విధానం కింద నేనే ఒకసారి నలిగాను. 1994లో మా అధ్యాపకుల శిబిరంలో రక్తం ఇచ్చాను. 1983 నాటి సిగ్గు తీర్చుకోవాలన్న కోరిక కూడా అందులో వుంది. నెల తిరక్కుండా మా కాలేజీలో ఒక మిత్రుడు పక్కకు పిలిచి, "మాస్టారూ, మీ రక్తం పారబోశారట, నిజమేనా?" అన్నాడు. బ్లడ్ బ్యాంకుకు వెళ్ళాను. అక్కడి అధికారి నా కళ్ళలోకి చూడకుండా, "ఫలితం చెప్పే అధికారం మాకు లేదండీ. మీరు మాత్రం ఇంక రక్తం ఇవ్వకండి" అన్నాడు. పరీక్ష రహస్యం, పుకారు బహిరంగం.

గ్లాసు ద్వారా ఆ జబ్బు రాదని క్లాసులో పిల్లలకు చెప్పినవాణ్ణి నేను. ఇంటికొచ్చి నా గ్లాసు వేరుగా కిటికీలో పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున చూస్తే అది మళ్ళీ అందరి గ్లాసుల వరసలో వుంది. మా ఆవిడ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. వేరే వూళ్ళో ఒక పెద్ద ప్రయోగశాలలో రెండు వేర్వేరు పద్ధతుల్లో పరీక్ష చేయించుకున్నాను. లేదన్నారు. మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించాను. లేదన్నారు. పైన లెక్కలో చెప్పిన యాభై మందిలో నేనొకణ్ణి. నా దగ్గర ప్రయాణానికి డబ్బులున్నాయి, ఎక్కడికి వెళ్ళాలో చెప్పే స్నేహితుడున్నాడు. రోజుకూలి మనిషికి ఆ మాట చెవిన పడి వుంటే ఏమయ్యేది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లో చేసిన సిఫార్సుల వెంట మన దేశం కూడా పరీక్షలకు మూడు వ్యూహాలు పెట్టుకుంది. ఖరీదైన వెస్టర్న్ బ్లాట్‌కు బదులు వేర్వేరు తీరుల్లో పనిచేసే మామూలు పరీక్షలను వరసగా వాడుకోవచ్చన్నది అందులో కీలకం. రక్తానికైతే ఒక్క పరీక్ష, రియాక్టివ్ అయితే పారబొయ్యి. లక్షణాలు లేని మనిషికి జబ్బు వుందని చెప్పాలంటే మూడు పరీక్షలు ఏకంగా అవుననాలి. మామూలు ప్రభుత్వ పత్రంలో వున్న ఈ తేడాను నేను చాలా గొప్ప వాక్యంగా చదువుతాను. సీసాకు ఒక న్యాయం, మనిషికి మరో న్యాయం వుండాలని అది ఒప్పుకుంది. 2002 జాతీయ రక్త విధానం తర్వాత క్రమంగా దాతను పిలిపించి, సలహా చెప్పి, మళ్ళీ పరీక్షించే కేంద్రానికి పంపాలన్న పద్ధతి వచ్చింది. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం కూడా రక్తకేంద్రంలో వడపోతకు విడిగా దాత అనుమతి అక్కర్లేదంటూనే, మనిషికి చేసే పరీక్షకు అనుమతి కావాలని గీత గీసింది.

ఇక రక్తం అమ్ముకునేవాళ్ళ సంగతి. కామన్ కాజ్ సంస్థ వేసిన పిటిషన్ మీద 1996 జనవరి 4న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆనాటికి దేశంలో వున్న 1,018 బ్లడ్ బ్యాంకుల్లో 616కు లైసెన్సే లేదు. రెండేళ్ళలో రక్తం అమ్మకం ఆగాలని కోర్టు ఆదేశించింది. 1998 జనవరి 1 నుంచి అది నిషిద్ధం. హెపటైటిస్ సి పరీక్ష 2001లో తప్పనిసరి అయింది. ఇవన్నీ మంచి పనులే. కానీ ఆ నిషేధం వచ్చిన రోజున గేటు దగ్గర మనిషి ఏమయ్యాడని ఎవరూ అడగలేదు. "ప్రమాదకరమైన దాత" అన్న పేరుతో అతన్ని లెక్కల్లోంచి తీసేశారు. పదేళ్ళు అతని రక్తంతో ఆపరేషన్లు చేసిన ఆస్పత్రులేవీ అతన్ని పిలిచి, నీకేమైనా జబ్బు వుందా, చూద్దాం రా అనలేదు. మొదటి పరీక్ష రాగానే అతను పనికిరానివాడయ్యాడు. రెండో పరీక్ష అతని దాకా రానేలేదు.

6

చైనాలో 1990లలో హెనాన్ రాష్ట్రం రైతులు ప్లాస్మా అమ్ముకున్నారు. చాలామంది రక్తాన్ని ఒకచోట కలిపి, ప్లాస్మా తీసుకుని, మిగిలిన ఎర్రకణాలను తిరిగి అమ్మినవాళ్ళ ఒంట్లోకే ఎక్కించారు. ఊళ్ళకు ఊళ్ళే హెచ్.ఐ.వి. బారిన పడ్డాయి. గావ్ యావ్‌జే అనే వృద్ధ వైద్యురాలు ఆ నిజాన్ని బయటపెట్టి, వేధింపులు పడి, దేశం విడిచిపోయి, 2023లో న్యూయార్క్‌లో కన్నుమూసింది. అక్కడి రచయితలు మాత్రం ఊరుకోలేదు. కుటుంబంలో కష్టం వచ్చినప్పుడల్లా రక్తం అమ్ముకునే మనిషిని నాయకుణ్ణి చేసి యూ హువా 1995లో నవల రాశాడు. హెనాన్ ఊళ్ళ చావులను యాన్ లియాన్‌కె 2006లో నవలగా రాస్తే అక్కడ దాన్ని అమ్మనివ్వలేదు.

మనం "రక్తదానం" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం. దానం అన్న మాట బాగుంది. అందులో అమ్మకం కనపడదు, బేరం కనపడదు, ఆకలి కనపడదు. ఇవాళ కూడా రోగికి "బంధువు" అని రాయించుకుని డబ్బుకు రక్తమిచ్చేవాడు ఆ మాట వెనకే దాక్కుంటాడు. కొత్తగా రాస్తున్న మిత్రులకు నేను చెప్పేది ఇదే: నెత్తురు గురించి రాసేటప్పుడు అది ఎవరి మోచేతి మడతలోంచి వచ్చిందో చూడండి. పారబోసిన సీసా తర్వాత ఆ మనిషి ఇంటికి ఏ దారిన నడిచాడో, ఇంట్లో అతని గ్లాసును ఎవరు ఎక్కడ పెట్టారో చూడండి. ఆ మాటలు ప్రయోగశాల రిజిస్టరులో దొరకవు. వాటిని రాయవలసినవాళ్ళం మనమే.

నేను ఇవ్వగలిగిన వయసులో రక్తం కొన్నాను. ఇవ్వాలనుకున్నప్పుడు ఇవ్వద్దన్నారు. మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించుకుని నేను నిర్దోషినని తేల్చుకున్నాను. పది రూపాయలు తగ్గించుకున్న ఆ మనిషికి ఆ పరీక్ష ఎవరూ చేయించలేదు. మా అక్క కూతురికి ఇప్పుడు నలభై దాటాయి. ఆమె పుట్టిన రోజు వచ్చినప్పుడల్లా నాకు అతను గుర్తొస్తాడు. ఆరోజు అతని పేరైనా అడిగి వుండవలసింది.